అంతర్జాల విద్యా పత్రికలు – వాటిని అనుసరించే ఒక సులభ మార్గం

మన గ్రంథాలయ పఠన మందిరంలో కిటికీ ప్రక్కన ఒక పొడవైన బల్ల కలదు. దానిపై ఒక చివర తెలుగు దినపత్రికలు, మరొక చివర ఉర్దూ దినపత్రికలు, నడుమ ఉద్యోగ ప్రకటనల వారపత్రికలు పరచి ఉంటాయి. ఉదయం పది గంటల వేళ ఆ బల్ల చుట్టూ ఖాళీ కుర్చీ దొరకదు. చూడముచ్చటైన దృశ్యమే. కాని విద్యాశాస్త్రానికి సంబంధించిన పరిశోధన పత్రిక ఒక్కటి కూడా ఆ బల్లపై కనిపించదు. ఒకప్పుడు ఒకటి రెండు వచ్చేవనీ, చందా పెరిగి ఆగిపోయాయనీ లైబ్రేరియన్ గారు చెబుతారు. ఇందుకు ఎవరినీ తప్పుపట్టవలసిన పనిలేదు. విదేశీ పత్రికల చందా మన వంటి కళాశాల మోయగల బరువు కాదు.

అయితే గడచిన పాతికేండ్లలో పరిస్థితి ఒక విధంగా తారుమారైంది. దూరవిద్య, అంతర్జాల విద్య అనే శాస్త్రభాగంలో మేలైన పత్రికలు అనేకం నేడు చందా లేకుండానే ప్రపంచానికంతటికీ తెరచి ఉన్నాయి. వాటిని కొననవసరం లేదు. అవి వెలువడిన సంగతి మనకు తెలియకపోవడమే లోటు. ఆ సంగతి తెలుసుకునే సాధనం ఒకటి 1999 నుండి ఉన్నది. దానికి రుసుము లేదు. అయినా మన విద్యార్థులలో దానిని ఎరిగినవారు బహు కొద్దిమంది. ఆ సాధనాన్ని పరిచయం చేయడమే నా ఉద్దేశం.

ఈ విషయం మనకెందుకని కొందరికి సందేహం కలుగవచ్చు. 1982లో హైదరాబాదులో వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయం మన కుటుంబాలలో ఎందరు తల్లులకు, అక్కలకు పట్టభద్రతనిచ్చిందో మీ ఇండ్లలోనే విచారించండి. 1998లో అదే నగరంలో స్థాపితమైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం తొలుత దూరవిద్యతోనే బోధన ప్రారంభించింది. నేడు కేంద్ర ప్రభుత్వపు 'స్వయం' వేదిక ద్వారా, విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2021లో చేసిన నిబంధనల ప్రకారం, ఒక సెమిస్టరులోని పాఠ్యక్రమాలలో 40 శాతం వరకు చదివి క్రెడిట్లు పొందే వీలున్నది. అంటే అంతర్జాల విద్య మనకు దూరపు విశేషం కాదు, మన మార్కుల పత్రంలోనికి వచ్చిన విషయం.

రెండేండ్ల క్రితం నా తరగతిలోని ఒక విద్యార్థిని పన్నెండు వారాలపాటు అటువంటి పాఠ్యక్రమం ఒకటి శ్రద్ధగా చదివింది. అభ్యాసాలన్నీ సకాలంలో సమర్పించింది. పరీక్ష రుసుము చెల్లించే గడువు ఒక వాట్సాప్ బృందంలో ప్రకటితమైంది. ఆ రోజు ఆ బృందంలో శుభోదయ చిత్రాలు, ఒక పెండ్లి పిలుపు, ఎవరిదో జన్మదినానికి అరవై అభినందనలు వచ్చాయి. ప్రకటన వాటి క్రింద పూడిపోయింది. గడువు ముగిసిన నాలుగవ నాడు ఆమె నా వద్దకు వచ్చి, "సార్, ఇంకేమైనా మార్గమున్నదా?" అని అడిగింది. లేదని చెప్పవలసి వచ్చింది. ఆ బృందంలో నేనూ ఉన్నాను, నేనూ చూడలేదు. ఆ నాటి నుండి ఈ విషయమై నాకు పట్టుదల కలిగింది.

అంతర్జాలంలో వెలువడే దానిని తెలుసుకొనడానికి మనకు తెలిసిన మార్గాలు మూడు. ఒకటి, ప్రతి వెబ్‌సైటునూ మనమే తెరచి చూడడం. ఇరవై సైట్లున్నవారికి అది ఒక పూట పని. పది రోజులు చేసి మానేస్తారు. రెండవది, ఈమెయిలు. అది మంచిదే గాని, మన చిరునామాను పదిమందికి ఇచ్చుకోవాలి, పిమ్మట వచ్చే వ్యాపార ప్రకటనలను భరించాలి. మూడవది, ఫేసుబుక్కు వంటి సామాజిక మాధ్యమాలు. ఇక్కడ ఒక ముఖ్య విషయాన్ని గ్రహించాలి. మీరు ఒక పత్రికను అక్కడ అనుసరించినంత మాత్రాన దాని ప్రతి ప్రకటన మీకు కనబడదు. ఏది చూపాలో, ఏది దాచాలో ఆ సంస్థ గణన సూత్రం నిర్ణయిస్తుంది. మిమ్ములను ఎక్కువ సేపు కూర్చోబెట్టగలిగినది దానికి ప్రధానం. పరీక్ష గడువు ఎవరినీ ఎక్కువ సేపు కూర్చోబెట్టదు గనుక దానికి అక్కడ పైచోటు దొరకదు.

నేను చెప్పబోయే నాలుగవ మార్గాన్ని ఇంగ్లీషులో 'ఫీడ్' అంటారు. ఆ మాటకు మేత అనే అర్థమూ ఉన్నది. కాని తెలుగు అధ్యాపకుడినై ఉండి 'వార్తల మేత' అని వ్రాయడానికి చేయి రాలేదు. కనుక 'వార్తాస్రవంతి' అంటాను. దీని ప్రసిద్ధ నామం 'ఆర్.ఎస్.ఎస్.' తరగతిలో ఈ మూడక్షరాలు నల్లబల్లపై వ్రాసినప్పుడు వెనుక బెంచీలలో నవ్వు వినబడింది. ఆ పేరుతో మన దేశంలో ఉన్న సంస్థకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇది ఒక సాంకేతిక పద్ధతికి పొట్టి పేరు మాత్రమే. 2002లో వెలువడిన రెండవ రూపం నుండి ఆ అక్షరాలకు 'రియల్లీ సింపుల్ సిండికేషన్' అని విస్తరణ చెబుతున్నారు, అనగా మిక్కిలి సులభమైన వార్తా పంపిణీ అని.

దీని పుట్టుక 1999 మార్చిలో అమెరికాలోని నెట్‌స్కేప్ సంస్థలో జరిగింది. రూపకర్తలలో ఒకరైన రామనాథన్ గుహా మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన భారతీయుడని మన విద్యార్థులు తెలుసుకోవడం బాగుంటుంది. నెట్‌స్కేప్ దీనిని వదలివేసిన పిదప డేవ్ వైనర్ అనే ఆయన పెంచి పోషించాడు. 2000లో వెలువడిన మరొక రూపాన్ని తయారుచేసినవారిలో ఆరన్ స్వార్ట్జ్ అప్పటికి పద్నాలుగేండ్ల బాలుడు. 2005లో 'ఆటమ్' అనే సోదర పద్ధతి ప్రమాణంగా ఆమోదం పొందింది. వాడుకరికి వీటి మధ్య భేదం పట్టించుకోవలసిన పని లేదు, ఏ రీడరైనా రెండింటినీ చదువుతుంది.

ఇక ఇది పనిచేసే తీరు. ఒక పత్రిక తన సైటులో మనం చూసే పుటలతో పాటు, యంత్రం చదువుకొనడానికి వీలైన ఒక చిన్న ఫైలును కూడా ఉంచుతుంది. అందులో మొదట పత్రిక పేరు, చిరునామా, వివరణ ఉంటాయి. తరువాత కొత్త వ్యాసాల పట్టిక ఉంటుంది. ఒక్కొక్క వ్యాసానికి శీర్షిక, లంకె, సంగ్రహం, వెలువడిన తేదీ, మరి దేనికీ లేని ఒక గుర్తు ఉంటాయి. కొత్త వ్యాసం చేరినప్పుడల్లా ఆ పట్టిక తనంతట తానే మారుతుంది. మన వద్ద 'రీడర్' అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దానికి మనం ఆ ఫైలు చిరునామా ఒక్కసారి ఇస్తే చాలు. అది నియమిత వేళలలో వెళ్ళి, "నేను కడపట వచ్చిపోయిన తరువాత ఏమైనా మారిందా?" అని అడుగుతుంది. మారకపోతే లేదన్న జవాబు తీసుకొని ఊరకే తిరిగి వస్తుంది. మారితే పట్టికను తెచ్చి, గుర్తులను సరిపోల్చి, మనం చూడనివాటిని మాత్రమే మన ముందుంచుతుంది. పల్లెలో పోస్టాఫీసుకు రోజూ నడిచి వెళ్ళి "మాకేమైనా ఉత్తరం ఉన్నదా?" అని అడిగి వచ్చే కుర్రవానిని జ్ఞాపకం చేసుకోండి. రీడర్ చేసేది ఆ పనే. ఉత్తరం ఎవరిదైనా కావచ్చు, ఏది ముందు చదవాలో ఆ కుర్రవాడు నిర్ణయించడు.

ఇందులో మన పేరు, చిరునామా పత్రికకు ఇవ్వనవసరం లేదు. అక్కరలేదనుకున్న నాడు మన పట్టిక నుండి ఆ పేరు కొట్టివేస్తే సరి, ఎవరినీ బ్రతిమాలనక్కరలేదు. ఈ ఫైలు అక్షరాలకు యూనికోడ్ పద్ధతిని అనుసరిస్తుంది గనుక తెలుగు, ఎడమ వైపుకు సాగే ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఒకే పట్టికలో ఇమిడిపోతాయి. మన కళాశాల పఠన మందిరం బల్ల వలె.

స్రవంతి ఉన్న సైటులో సాధారణంగా నారింజ రంగు చదరంలో ఒక చుక్క, దానిపై రెండు వంపు గీతలు గల గుర్తు కనబడుతుంది. కనబడకపోయినా నిరాశపడనక్కరలేదు. చాలా రీడర్లకు సైటు చిరునామా ఇస్తే స్రవంతిని అవే వెదకి పట్టుకుంటాయి. రీడర్లలో ఫీడ్లీ, ఇనోరీడర్ వంటివి అంతర్జాలంలోనే పనిచేస్తాయి, ఫోనులోనూ చదువుకోవచ్చు. ఈమెయిలు చదువుకునే థండర్‌బర్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కంప్యూటరులోనే స్రవంతులను కూడా చూపుతుంది. ఈ రెండు రకాల మధ్య ఒక భేదమున్నది. స్రవంతి ఫైలులో పాతవన్నీ ఉండవు. వర్డ్‌ప్రెస్ అనే సాధనంతో నడిచే సైట్లలో, వేరే ఏర్పాటు చేయకపోతే, కడపటి పది అంశాలే ఉంటాయి. వేసవి సెలవులలో మన కంప్యూటరును రెండు నెలలు తెరవకపోతే, ఆ నడుమ వచ్చి పోయినవి మనకు చేరవు. అంతర్జాలంలో ఉండే రీడర్ మనం నిద్రించినా వెళ్ళి తెస్తూనే ఉంటుంది. కనుక విద్యార్థులకు మొదటి రకమే అనుకూలమని నా అభిప్రాయం.

ఏ పత్రికలను అనుసరించాలి? నేను అనుసరించేవాటిలో కొన్నింటిని చెబుతాను. కెనడాలోని అథాబాస్కా విశ్వవిద్యాలయం 2000 నుండి దూరవిద్యా పరిశోధనలకు ఒక అంతర్జాతీయ పత్రికను నడుపుతున్నది. 'ఇరోడల్' అని దానికి ముద్దుపేరు. వ్యాసాలన్నీ ఉచితం. అంతర్జాతీయ దూరవిద్యా మండలి వారి 'ఓపెన్ ప్రాక్సిస్' మరొకటి. కామన్వెల్త్ దేశాల కోసం వాంకూవరులో ఏర్పడిన 'కామన్వెల్త్ ఆఫ్ లెర్నింగ్' సంస్థ 2014లో ప్రారంభించిన 'జర్నల్ ఆఫ్ లెర్నింగ్ ఫర్ డెవలప్‌మెంట్' మన వంటి దేశాల సమస్యలకు దగ్గరగా ఉంటుంది. విద్యుత్తు, ఫోను, ఆడపిల్లల చదువు, ఉపాధ్యాయ శిక్షణ వంటి విషయాలు అందులో తరచు వస్తాయి. బి.ఎడ్. చదువదలచినవారు దీనితో ప్రారంభించడం మంచిది. టర్కీలోని అనదోలు విశ్వవిద్యాలయం 2000లో మొదలుపెట్టిన దూరవిద్యా పత్రిక కూడా ఉచితమే. ఇటువంటి పత్రికలలో చాలా భాగం 'ఓపెన్ జర్నల్ సిస్టమ్స్' అనే ఉచిత సాఫ్ట్‌వేరుపై నడుస్తున్నాయి. జాన్ విలిన్‌స్కీ అనే ఆచార్యుడు 1998లో కెనడాలో ప్రారంభించిన ప్రణాళిక ఫలితమది. అందులో స్రవంతిని ఏర్పరచే వీలు ముందే అమర్చి ఉన్నది.

పరిశోధన పత్రికలు మూడు నెలలకొకసారి వస్తాయి. రోజువారీ విశేషాలు కావలసినవారికి స్టీఫెన్ డౌన్స్ అనే కెనడా పండితుడు 2001లో ప్రారంభించిన 'ఓ.ఎల్.డైలీ' తగినది. ఆయన కొన్ని వ్యాసాలను ఎన్నుకొని, ఒక్కొక్కదానికి తన వ్యాఖ్య జోడిస్తాడు. ఆయన అభిప్రాయాలతో నేను చాలాసార్లు ఏకీభవించను. అయినా చదువుతాను. మరొక సంగతి: యూట్యూబులోని ప్రతి ఛానెలుకూ ఒక స్రవంతి ఉన్నది. ఐ.ఐ.టి.ల పాఠాలను 2003 నుండి అందిస్తున్న ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠాలను కూడా ఈ విధంగా, ప్రక్కన కనబడే సినిమా పాటల ఆకర్షణకు లోనుకాకుండా, అనుసరించవచ్చు.

స్రవంతుల ద్వారా పత్రికలనే కాక ఒక తరగతినే నడిపిన వృత్తాంతమున్నది. 2008లో ఇదే డౌన్స్, జార్జ్ సీమెన్స్ అనే మరొకరితో కలిసి కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయం ద్వారా ఒక పాఠ్యక్రమం బోధించాడు. రుసుము చెల్లించి చేరినవారు 25 మంది. ఉచితంగా చేరడానికి తలుపులు తెరిస్తే సుమారు 2,200 మంది వచ్చారు! ఇంతమందిని ఒక గదిలో కూర్చోబెట్టడమెట్లా? వారెవరినీ ఒక చోటికి పిలువలేదు. ఎవరి వ్యాసాలు వారు తమ తమ సైట్లలోనే వ్రాసుకున్నారు. డౌన్స్ తయారుచేసిన ఒక సాఫ్ట్‌వేర్ ఆ సైట్ల స్రవంతులను రోజూ చదివి, అన్నింటినీ ఒక దినపత్రిక వలె కూర్చి అందరికీ పంపింది. నేడు మనం 'మూక్' అని పిలిచే పాఠ్యక్రమాలకు ఆ పేరు వచ్చినది ఆ తరగతిని చూచిన తరువాతనే. తరువాత వచ్చిన పెద్ద సంస్థలు మూక్ అనే పేరును ఉంచుకొని, ఎవరి సైటులో వారు వ్రాసుకునే ఆ స్వేచ్ఛను చాలావరకు వదలివేశాయి. నాకు ఇది విచారకరంగానే తోస్తుంది.

సాధనం ఎంత మంచిదైనా దాని లోపాలు తెలిసి వాడుకోవాలి. స్రవంతి తలుపు దాకా తీసుకొని పోతుంది, తాళం తీయదు. చందా గల పత్రికలలో శీర్షిక, సంగ్రహం మాత్రమే కనబడి, వ్యాసానికి వెల అడుగుతారు. అప్పుడు రచయితకు మర్యాదగా ఒక ఉత్తరం వ్రాస్తే ప్రతి పంపేవారు చాలామంది. నాకు అట్లా అందినవి ఉన్నాయి. మరొకటి, సైటును మార్చినప్పుడు పాత స్రవంతి చడీచప్పుడు లేకుండా ఆగిపోవచ్చు. చదివేవానికి అది వార్తలు లేనట్లే కనబడుతుంది. మూడు నెలలు మౌనంగా ఉన్న పత్రికను ఒకసారి స్వయంగా వెళ్ళి చూడాలి. పరీక్ష గడువుల విషయంలో కేవలం స్రవంతిపై ఆధారపడడం తగదు. ఆ తేదీని గోడ క్యాలెండరుపై వ్రాసుకొనవలసినదే.

అన్నింటికంటె పెద్ద ప్రమాదం వేరే ఉన్నది. స్రవంతికి మంచి చెడ్డలు తెలియవు. డబ్బు పుచ్చుకొని ఏది పంపినా అచ్చువేసే నకిలీ పత్రికలకు కూడా చక్కని స్రవంతులున్నాయి. నా మిత్రుడొకరు అటువంటి పత్రికకు వ్యాసం పంపితే, మూడు రోజులలో ఆమోదం, నాల్గవ రోజున రుసుము కోసం ఉత్తరం వచ్చాయి. రుసుము చెల్లించాడు. ఇంటర్వ్యూలో ఆ వ్యాసాన్ని లెక్కలోనికి తీసుకోలేదు. మంచి పత్రికల జాబితా కోసం విశ్వవిద్యాలయ నిధుల సంఘం నడిపిన 'కేర్' పట్టిక 2025లో రద్దయింది. పత్రిక యోగ్యతను విచారించే భారం ఇప్పుడు విద్యాసంస్థలపైన, మనపైన పడింది. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో 2003లో ప్రారంభమైన 'డోజ్' అనే ఉచిత పత్రికల సూచికలో ఆ పేరున్నదేమో చూడడం మొదటి మెట్టు. సంపాదక వర్గంలోని పేర్లు నిజమైనవేనా అని వారి విశ్వవిద్యాలయాల పుటలలో విచారించడం రెండవ మెట్టు.

మీ పట్టికను మీరే భద్రపరచుకోవాలని కూడా హెచ్చరించవలసి ఉన్నది. 2005లో వచ్చిన గూగుల్ రీడర్‌పై లోకమంతా ఆధారపడింది. వాడుకరులు ఎంత మొరపెట్టుకున్నా ఆ సంస్థ 2013 జులై 1న దానిని మూసివేసింది. 2018 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్ కూడా తన బ్రౌజరు నుండి ఈ సౌకర్యాన్ని తీసివేసింది. స్రవంతులు చనిపోయాయని చాలామంది అనుకున్నారు. పోయినవి చదివే కిటికీలు మాత్రమే, స్రవంతులు యథాతథంగా ప్రవహిస్తూనే ఉన్నాయి. మీరు పాడ్‌కాస్టులు వింటున్నారంటే అవి మీకు చేరుతున్నది ఈ పద్ధతిలోనే. తమ పట్టికను 'ఓ.పి.ఎం.ఎల్.' అనే ఫైలుగా దాచుకున్నవారు మరునాడే మరొక రీడరులో చేరి, ఒక్క పత్రిక కూడా జారిపోకుండా చదువు సాగించారు. ప్రతి రీడరులోనూ ఆ ఫైలును దించుకొనే ఏర్పాటు ఉంటుంది. ఆరు నెలలకొకసారి దించి ఉంచుకోండి.

విద్యార్థి మిత్రులారా, మొదటి రోజే వంద పత్రికలు చేర్చుకొని ఊపిరాడక విడిచిపెట్టవద్దు. నా మొదటి ప్రయత్నం ఆ విధంగానే భగ్నమైంది. వారం తిరిగేసరికి చదవనివి వేయి దాటాయి, రీడరును తెరవాలంటే భయం వేసేది. పది చాలు. ఒకటి వేస్తే ఒకటి తీయండి.

పై పత్రికలన్నీ ఇంగ్లీషులో ఉన్నవే. ఇక్కడ మన రెండు భాషల సంగతి ఆలోచించాలి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ప్రారంభం కావడానికి ముందే, 1917లో హైదరాబాదులో అనువాద శాఖ వెలసింది. దారుత్తర్జుమా అని దానికి పేరు. శాస్త్రగ్రంథాలను ఉర్దూలోనికి తేవడానికి పండితులు అక్కడ పదం పదానికి వాదించుకున్నారు. మన కళాశాలలో ఆ స్థాయి సాధ్యం కాదు. కాని వారానికి ఒక వ్యాసపు సంగ్రహాన్ని ఒకరు తెలుగులో, ఒకరు ఉర్దూలో అరపుట వ్రాసి, గ్రంథాలయ గోడపత్రికలో ఉంచడం మన చేతిలోని పని. గత సెప్టెంబరు నుండి ద్వితీయ సంవత్సరం విద్యార్థులు నలుగురు ఈ పని చేస్తున్నారు. 'ఫీడ్‌బ్యాక్' అనే మాటకు తెలుగు వెదకుతూ రెండు సాయంకాలాలు గడిపారు. ఇంకా తెగలేదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన కళాశాల సైటు వర్డ్‌ప్రెస్‌పైననే నడుస్తున్నది గనుక స్రవంతి దానంతట అదే ఏర్పడుతున్నది. కాని మన ప్రకటనలను కాగితంపై టైపు చేసి, ఫోటో తీసి, చిత్రంగా ఉంచుతున్నాము. చిత్రంలోని అక్షరాలను స్రవంతి మోయలేదు. దానిలో 'నోటీసు' అనే ఒక్క మాటే వెళుతున్నది. అదే ప్రకటనను తెలుగులో, ఉర్దూలో అక్షరాలుగా టైపు చేసి, గడువు తేదీని శీర్షికలోనే ఉంచితే, ఉపకార వేతనం దరఖాస్తు తేదీ గాని, పరీక్ష రుసుము గాని ప్రతి విద్యార్థి ఫోనుకు చేరుతుంది. దీనికి కొత్తగా ఖర్చు లేదు, కార్యాలయంలో ఒకరికి ప్రకటనకు పది నిమిషాల పని.

ఈ లోగా పఠన మందిరంలోని రెండవ కంప్యూటరులో ఒక రీడరును లైబ్రేరియన్ గారి అనుమతితో ఏర్పాటు చేశాము. ప్రస్తుతం అందులో పదకొండు పత్రికలున్నాయి. వాటి ఓ.పి.ఎం.ఎల్. ఫైలు కూడా అక్కడే ఉన్నది. మధ్యాహ్నం రెండు గంటల తరువాత పెన్‌డ్రైవు తెచ్చుకున్నవారు ఎవరైనా దానిని తీసుకొని వెళ్ళవచ్చు.